ఎనిమిది గంటల స్ట్రోగనోఫ్



అమెరికాలో చలికాలం మొదలైందంటే చాలా ఇళ్ళలో పొద్దున్నే ఒక బరువైన పింగాణీ గిన్నె వంటగది గట్టు మీదికి వస్తుంది. అందులో గొడ్డుమాంసం భుజం ముక్కలు, ఉల్లిపాయ, పుట్టగొడుగులు, గ్లాసెడు మాంసపు రసం వేసి, మూత పెట్టి, మీట తిప్పి, ఇంటిల్లిపాదీ ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోతారు. సాయంత్రానికి ఆ ముక్క గరిటె తగిలితే విడిపోయేంత మెత్తబడి ఉంటుంది. అప్పుడు పుల్లటి మీగడ కలిపి, విడిగా ఉడికించిన గుడ్డు నూడుల్స్ మీద పోసుకుని తింటారు. స్లో కుక్కర్ బీఫ్ స్ట్రోగనోఫ్ అంటే ఇదే. వంట తెలిసినవాళ్ళు చాలామంది దీన్ని చూసి మొహం చిట్లిస్తారు. స్ట్రోగనోఫ్ అనేది నిమిషాల్లో అయిపోవలసిన వంట, దాన్ని ఎనిమిది గంటలు ఉడకబెట్టడమేమిటని వాళ్ళ ఆక్షేపణ. అందులో నిజం లేకపోలేదు. కానీ వంటకు ఎంతసేపు పట్టిందన్న లెక్క ఒకటుంటుంది, ఆ సేపంతా ఎవరు పొయ్యి దగ్గర నిలబడ్డారన్న లెక్క ఇంకొకటుంటుంది. ఈ రెండో లెక్క వేస్తే, ఆ పాత వంట వంటమనిషి ఉన్న ఇంటికే త్వరగా అయ్యేది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంటికి ఈ ఎనిమిది గంటల కూరే త్వరగా అయ్యేది. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదే.

పేరు దగ్గర మొదలుపెడదాం. స్ట్రోగనోవ్‌లు రష్యాలో ఉప్పు వండి కోట్లకు పడగలెత్తిన వంశం. పదహారో శతాబ్దంలో ఉత్తర రష్యాలోని సోల్విచెగోద్‌స్క్‌లో అనికా స్ట్రోగనోవ్ ఉప్పు బట్టీలు పెట్టాడు. ఆ వంశం వాళ్ళే తర్వాత యెర్మాక్ అనే దళనాయకుడి సైబీరియా దండయాత్రకు డబ్బు పెట్టారు. ఈ కూరకు వాళ్ళ పేరు ఎలా వచ్చిందన్న దానికి కథలు చాలానే ఉన్నాయి. ఒడెస్సాలో అలెగ్జాండర్ స్ట్రోగనోవ్ అనే కౌంట్ వచ్చినవారందరికీ భోజనం పెట్టేవాడనీ, పది మందికి వడ్డించడానికి వీలుగా ఉండాలని ఇది పుట్టిందనీ ఒక కథ. 1891లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక ఫ్రెంచి వంటవాడు పోటీకి పెట్టి బహుమతి కొట్టాడని ఇంకొకటి. ఈ రెండోదాన్ని పక్కన పెట్టేయవచ్చు, ఎందుకంటే అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఈ వంటకం అచ్చులో ఉంది. ఎలెనా మొలొఖొవెత్స్ రాసిన ‘యువ గృహిణులకు కానుక’ అనే పుస్తకం 1861లో మొదటిసారి వచ్చింది. 1871 నాటి కూర్పులో ‘ఆవాలతో స్ట్రోగనోవ్ గొడ్డుమాంసం’ కనిపిస్తుంది. మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి భోజనానికి రెండు గంటల ముందు ఉప్పు, మసాలా మిరియం పట్టించాలి. భోజనానికి కాస్త ముందు వెన్నలో పిండి వేయించి, రసం పోసి, చెంచాడు ఆవముద్ద కలిపి మరిగించి వడకట్టాలి. వడ్డించే ముందు రెండు చెంచాల తాజా పుల్లమీగడ వేయాలి. మాంసాన్ని వెన్నలో వేయించి, ఆ చారులో వేసి, ఒక్క పొంగు రానిచ్చి బల్ల మీదికి పంపాలి. అంతే. పుట్టగొడుగులూ లేవు, ఉల్లిపాయా లేదు, నూడుల్స్ ఊసే లేదు.

ఈ పద్ధతిలో ప్రతి మెట్టూ గడియారంలోని భోజనవేళకు ముడిపడి ఉంది. రెండు గంటల ముందు ఒకటి, కాస్త ముందు ఒకటి, వడ్డించే ముందు ఒకటి. ఆ సమయానికి పొయ్యి దగ్గర ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి, తినేవాళ్ళు అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉండాలి. ఆ పుస్తకం మొదట వచ్చిన 1861లోనే రష్యాలో కమతపు దాస్యాన్ని రద్దు చేశారు. అయినా పుస్తకం రాసింది పనివాళ్ళున్న ఇళ్ళకోసమే, అందులో పనివాళ్ళ తిండికి వేరే వంటలు కూడా చెప్పింది. కాబట్టి నిమిషాల వంట అని మనం మెచ్చుకునే దాంట్లో ఆ నిమిషాలు యజమానురాలివి కావు. పైగా అలా వేగంగా మెత్తబడాలంటే మాంసం ముందే మెత్తనిదై ఉండాలి. తర్వాతి కాలపు వంటవాళ్ళు దీనికి వెన్నెముక లోపలివైపు ఉండే కండను ఖాయం చేశారు. ఆ కండకు పశువు బతికినన్నాళ్ళూ పెద్దగా పని ఉండదు, అందుకే మెత్తన. ఒక పశువులో అవి రెండే పట్టీలు, అందుకే అన్నిటికన్నా ఖరీదు.

అసలుదానికి ఈ స్లో కుక్కర్ కూర దూరమైపోయిందనే ఆక్షేపణకు ఎక్కువసేపు అక్కర్లేదు. 1912లో మరో రష్యన్ వంటల పుస్తకం స్ట్రోగనోఫ్‌కు ఉల్లిపాయ, టమాటా ముద్ద చేర్చి, పక్కన సన్నగా వేయించిన బంగాళదుంప పెట్టమంది. సోవియట్ క్యాంటీన్లు ఇదే పేరుతో కాలేయం వండాయి. స్వీడన్‌లో సాసేజ్‌తో చేస్తారు. బ్రెజిల్‌లో కోడిమాంసంతో, కెచప్ కూడా వేసి, అన్నం మీద పోసి, పైన కరకరలాడే దుంప పుల్లలు చల్లుతారు. జపాన్‌లోనూ అన్నంతోనే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా ఇళ్ళలోకి పాకినప్పుడు, 1934 నుంచి దొరుకుతున్న క్యాంప్‌బెల్ పుట్టగొడుగుల సూప్ డబ్బా దీనికి సగం పని చేసిపెట్టింది. ఇన్ని చేతులు మారిన వంటకానికి భుజం మాంసం తగలడమే ఘోరమైపోయిందనడం వింత.

ఇక ఆ పాత్ర సంగతి. స్లో కుక్కర్ పుట్టుక ఒక మతాచారంలోంచి వచ్చింది. చికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజనీరు ఉండేవాడు. ఒకప్పుడు లిథువేనియాలోని విల్నాలో వాళ్ళ అమ్మమ్మ చోలెంట్ అనే కూర ఎలా వండేదో తల్లి అతనికి చెప్పింది. యూదులు శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తారు, ఆ రోజు నిప్పు రాజేయకూడదు. అందుకని శుక్రవారం పొద్దుగూకక ముందే మాంసం, చిక్కుడు గింజలు, దుంపలు కుండలో వేసి ఊళ్ళోని రొట్టెల బట్టీలో పెట్టేవారు. మంట ఆర్పేసిన బట్టీ రాత్రంతా మెల్లగా చల్లారుతుంటే కూర ఆ వేడికే ఉడికేది. నాక్సన్ అదే పనిని కరెంటుతో చేయించాడు. పేటెంటు 1940లో వచ్చింది. 1970లో అతని కంపెనీని కాన్సాస్ సిటీలోని రైవల్ సంస్థ కొనుక్కుని, మరుసటి ఏడు క్రాక్‌పాట్ అనే పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. 1971లో సుమారు 20 లక్షల డాలర్లున్న అమ్మకాలు 1975కల్లా 9 కోట్ల 30 లక్షల దాకా వెళ్ళాయి. అదే 1975లో మేబెల్ హాఫ్‌మన్ ఈ పాత్రకోసమే రాసిన ‘క్రాకరీ కుకరీ’ విపరీతంగా అమ్ముడుపోయింది. ఇదంతా ప్రకటనల మహిమ అనుకుంటే పొరపాటు. 1970లో అమెరికాలో పదహారేళ్ళు దాటిన ఆడవాళ్ళలో నూటికి 43 మంది ఉద్యోగం చేసేవారో, వెతుక్కునేవారో ఉన్నారు. 1980కల్లా ఆ సంఖ్య సగం దాటింది. సాయంత్రం ఆరు గంటలకు పొయ్యి దగ్గర ఉండవలసిన మనిషి అప్పుడే బస్సు దిగుతోంది. ఆ ఖాళీలో ఈ పాత్ర వచ్చి కూర్చుంది.

మాంసం లోపల జరిగేది కూడా కొంచెం చూడాలి, ఎందుకంటే ఈ కూరకు దక్కవలసిన మర్యాద అసలు అక్కడే ఉంది. భుజం కండ పశువు నడిచినంతసేపూ పనిచేస్తుంది. అందుకే దాని నారల మధ్య కొలాజెన్ అనే గట్టి పీచు దట్టంగా పట్టి ఉంటుంది. ఆ ముక్కను పెనం మీద నాలుగు నిమిషాలు వేయిస్తే చెప్పు తోలే. వేడి 60 డిగ్రీలు దాటేసరికి ఆ పీచు ముడుచుకుని కండలోని నీళ్ళు పిండేస్తుంది, ముక్క ఇంకా బిగుస్తుంది. చాలామంది ఈ ఘట్టంలోనే మూత తీసి చూసి, మాంసం మంచిది కాదని తేల్చేస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. 70 దాటి, 80 దాటి, ఆ తడి వేడిలోనే గంటల తరబడి ఉంచితే కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. నారలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. కరిగిన జెలటిన్ చారులోకి దిగి దానికి పెదాలకు అంటుకునే చిక్కదనాన్ని ఇస్తుంది. ఖరీదైన మెత్తటి కండలో ఈ పీచు చాలా తక్కువ కనుక, దాన్ని ఎనిమిది గంటలు ఉంచితే పొడిపొడిగా, రంపపు పొట్టులా అవుతుంది తప్ప ఇంకేమీ రాదు. అంటే ఆక్షేపించేవాళ్ళు చెప్పేది ఆ కండ విషయంలో నూటికి నూరుపాళ్ళూ ఒప్పే. భుజం మాంసం విషయంలో మాత్రం తిరగబడుతుంది, అక్కడ త్వరపడటమే తప్పు. ఈ సంగతి హైదరాబాద్ వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. పాయా, నాలుక రాత్రంతా సన్నసెగ మీద ఉంచి తెల్లవారుజామున కుల్చాతో వడ్డించే నహారీ ఇదే సూత్రం మీద నడుస్తుంది.

స్లో కుక్కర్ కూరలన్నీ ఒకే రుచి, బూడిదరంగు ముక్కలు, పలచటి నీళ్ళు అనేది ఇంకొక విమర్శ. నిజాయితీగా చెప్పాలంటే చాలా ఇళ్ళలో అది నిజమే. కానీ లోపం ఎక్కడుందో తెలిస్తే దిద్దుకోవచ్చు. ఈ పాత్రలో వేడి నీరు మరిగే స్థాయిని దాటదు. మాంసం ఎర్రగా వేగి ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటిన పొడి వేడి కావాలి. కాబట్టి ముక్కలను తడి లేకుండా తుడిచి, ముందుగా పెనం మీద నూనెలో, ఒకదాని మీద ఒకటి పడకుండా రెండు మూడు వాయిలుగా ఎర్రగా వేయించి తీరాలి. పెనానికి అంటుకున్న మాడును కాస్త రసం పోసి గీకి అదీ కుక్కర్లో పోయాలి, రుచంతా దాంట్లోనే ఉంది. పుట్టగొడుగులను కూడా నీరు ఇంకిపోయేదాకా విడిగా వేయించి వేస్తేనే బాగుంటాయి. ఇక పలచదనం. మామూలు గిన్నెలో కూర ఉడుకుతుంటే నీళ్ళు ఆవిరైపోతాయి, ఇక్కడ ఆవిరి మూతకు తగిలి మళ్ళీ కిందికే కారుతుంది. అందుకని కిలో మాంసానికి ఒక గ్లాసు రసం చాలు, ముక్కలు మునగనక్కర్లేదు. మూత మాటిమాటికీ తీయకూడదు, తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్ళీ పుంజుకోవడానికి అరగంట దాకా పడుతుంది.

పుల్లటి మీగడ దగ్గర తొందరపడితే మొత్తం కూరే పాడవుతుంది. పొద్దున్నే వేసేస్తే పులుపూ వేడీ కలిసి మీగడలోని ప్రొటీన్‌ను గట్టిపరుస్తాయి, సాయంత్రానికి తెల్లటి పలుకులూ నీళ్ళూ వేరుపడి ఉంటాయి. మజ్జిగ పులుసులో సెనగపిండి ఎందుకు కలుపుతామో తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పిండి ఆ ప్రొటీన్లు ముద్దకట్టకుండా అడ్డుపడుతుంది. కాబట్టి తినే వేళకు కుక్కర్ ఆపేసి, మీగడలో చెంచాడు గోధుమపిండి కలిపి, దాంట్లోకి రెండు గరిటెల వేడి చారు మెల్లగా పోసి కలియబెట్టి, అప్పుడు కూరలో వేయాలి. వెన్న తీయని మీగడ ఎప్పుడూ నమ్మకమైనది. మీగడకు బదులు పెరుగు వాడేవాళ్ళు గట్టి పెరుగునే వాడాలి, పిండి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. నూడుల్స్‌ను కుక్కర్లో వేయమని చెప్పే పద్ధతులూ ఉన్నాయి. వాటి జోలికి పోకపోవడమే మేలు, జావ అవుతాయి.

మన శ్రోతలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ప్రెషర్ కుక్కర్ ఉండగా ఈ ఎనిమిది గంటల గొడవ ఎందుకు? 120 డిగ్రీల దగ్గర అదే భుజం మాంసం ముప్పావు గంటలో మెత్తబడుతుంది కదా. మెత్తబడుతుంది, కాదనను. సాయంత్రం ఇంట్లో మనిషి ఉంటే ప్రెషర్ కుక్కరే మేలు. కానీ విజిల్ వినడానికి ఒకరుండాలి, మంట తగ్గించడానికి ఒకరుండాలి, మళ్ళీ ఆ ఆరు గంటలకే. కరెంటు ఖర్చు భయం కూడా అక్కర్లేదు, 200 వాట్ల కుక్కర్ ఎనిమిది గంటలు నడిస్తే అయ్యేది 1.6 యూనిట్లు. అయితే కరెంటు గంటల తరబడి పోయే ఊళ్ళలో ఈ పాత్రను నమ్ముకుని బయటికి వెళ్ళడం మంచిది కాదు. 4 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య మాంసంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మనిషి లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందని తెలిస్తే, పైకి ఉడికినట్టే కనిపించినా ఆ కూర పారబోయవలసిందే. గడ్డకట్టిన మాంసం నేరుగా వేయకూడదన్నదీ, మిగిలిన చల్లటి కూరను ఇందులో వేడిచేయకూడదన్నదీ ఇదే కారణంతో. రాజ్మా గింజలైతే ముందు విడిగా బాగా మరిగించకుండా ఇందులో వేయనే కూడదు. వాటిలోని విషపదార్థం ఈ తక్కువ వేడికి చావదు.

ఈ కూరను మనసుకు ఊరటనిచ్చే భోజనమని అమెరికాలో పదేపదే అంటారు. ఆ మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేం. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. మనసు పాడయ్యే సినిమా ముక్కలు చూపించి, కొందరికి వాళ్ళు ఊరటనిస్తుందని చెప్పిన తిండే పెట్టారు, కొందరికి ఇష్టమైనదే అయినా వేరే తిండి, కొందరికి అసలేమీ పెట్టలేదు. అందరి మనసూ ఇంచుమించు ఒకే తీరున కుదుటపడింది. ఊరట వంటకంలో ఉందనే నమ్మకానికి ఇది గట్టి దెబ్బే. కానీ ఆ ప్రయోగశాలలో వాళ్ళ తిండి ఎవరు వండారన్నది లెక్కలోకి రాదు. అలసి ఇంటికొచ్చినవాళ్ళకు భారం ఆకలి ఒక్కటే కాదు, ఇప్పుడు ఏం వండాలి, ఎవరు వండాలి అన్నది దానికి రెట్టింపు. తలుపు తీయగానే వండిన వాసన వస్తే ఆ రెండో భారం దిగిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాడి కోసం ఈ కూర ఇంకో గంట వేడిగా ఉండగలదు, మాడదు, గట్టిపడదు. మొలొఖొవెత్స్ స్ట్రోగనోఫ్‌కు ఆ ఓపిక లేదు. ఒక్క పొంగు వచ్చాక తినేవాళ్ళు రాకపోతే దాని పని అయిపోయినట్టే. ఆదివారం నలుగురు అతిథులు కూర్చుని ఉండగా, చేతిలో డబ్బూ సమయమూ ఉంటే, ఆ పాత పద్ధతే చేయండి, దాని రుచి దానిదే. మంగళవారానికి అది పనికిరాదు.

గట్టి అభ్యంతరం ఇంకొకటి మిగిలింది. ఇంటిపని తగ్గిస్తామన్న యంత్రాలు నిజానికి ఆడవాళ్ళ గంటలను తగ్గించలేదని, మగవాళ్ళూ పిల్లలూ చేసే పనిని మాయం చేసి తల్లి ఒక్కదాని నెత్తిన పెట్టాయని రూత్ ష్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకంలో వాదించింది. స్లో కుక్కర్‌ను ఆ లెక్కలోంచి మినహాయించలేం. మాంసం కోసి, వేయించి, పెనం గీకి, మూత పెట్టే ముప్పావు గంట ఎక్కడికీ పోలేదు, సాయంత్రం నుంచి పొద్దుటికి జరిగింది. పొద్దున ఏడింటికి ఆ పనీ ఆమే చేస్తే, ఆఫీసుకు వెళ్ళేసరికే ఒక పూట పని అయిపోయినట్టు. కానీ ఇందులో ఒక వెసులుబాటుంది. ఇలా విడదీసిన పని పంచుకోవడానికి వీలైనది. ముక్కలు రాత్రే కోసి ఫ్రిజ్‌లో పెట్టేది ఒకరు, పొద్దున వేయించేది ఒకరు కావచ్చు. సాయంత్రం నూడుల్స్ ఉడికించి మీగడ కలపడానికి పెద్ద పాకశాస్త్రం అక్కర్లేదు, పదిహేనేళ్ళ పిల్లవాడికి ఒకసారి చూపిస్తే చాలు.

గొడ్డుమాంసం తిననివారు మటన్ భుజంతోనో, ఎముకతో ఉన్న కోడి తొడలతోనో ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు. మటన్‌కు ఏడు గంటలు, కోడికి నాలుగైదు గంటలు చాలు. మాంసమే వద్దనుకుంటే పుట్టగొడుగులతో మామూలు బాణలిలో అరగంటలో అవుతుంది, దానికి ఈ పాత్రతో పనే లేదు. ఎలా చేసినా ఒక్క విన్నపం. ఆ సాయంత్రం ఇంటికి ముందు ఎవరు చేరితే వాళ్ళే, నాన్న అయినా, అబ్బాయి అయినా, అమ్మకోసం ఎదురుచూడకుండా నూడుల్స్‌కు ఎసరు పెట్టండి.